గంగారాం విన్న క్యాసెట్

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేవాణ్ణి. మా బాపు ఇరవై ఏళ్లు బెల్లంపల్లి గనుల్లో బొగ్గు నింపాడు. లోపల చనిపోయినవాళ్లు పేరు పెట్టి పిలుస్తారని, ఎవరూ లేని చోట తట్టల చప్పుడు వినిపిస్తుందని కాలనీలో చెప్పుకునేవాళ్లు. బాపు మాత్రం "లోపల గాలి తిరుగుతది, మీద బరువుకు కర్ర దిమ్మెలు మూలుగుతయ్. గంతే" అనేవాడు. నేనూ అంతే అనుకున్నాను.

పైగా నాది క్యాసెట్ల దుకాణం. మంచిర్యాలలో, స్టేషన్ రోడ్డు మీద. మనిషి కనబడకుండా గొంతు వినిపించడమే నా వృత్తి. ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చెప్పడం నాకు పెద్ద పని కాదు. అందుకే ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. నమ్మరని మాత్రమే కాదు. ఇది చెప్పాలంటే నేను చేసిన పని కూడా చెప్పాలి. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

తొంభైల మొదట్లో మేము ముగ్గురం కలిసి ఒక క్యాసెట్ తీశాం. పాటలు రాసింది, పాడింది, గిటార్ వాయించింది ఓదెలు. డ్రమ్స్ యూసుఫ్. బేస్ నేను.

ఓదెలూ నేనూ ఒకే కాలనీలో పుట్టాం. వాడు పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు హాస్టల్‌లో ఎవరో ఒక ఇంగ్లీషు క్యాసెట్ ఇచ్చారు. దాని అట్ట పోయింది, పాడింది ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. గిటార్లు మిషన్ కుట్టినంత వేగంగా నడుస్తాయి. డ్రమ్స్ ఊపిరి తీసుకోనివ్వవు. పాడేవాడు పాడడు, అరుస్తాడు. దాన్ని థ్రాష్ మెటల్ అంటారని తర్వాత తెలిసింది. ఓదెలు ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాడు. ఒకరోజు నాతో, "ఇది మన పాటనే రా శంకర్. కటింగ్ మిషిన్ పక్కన నిలవడితె గిట్లనే ఉంటదని బాపు చెప్తడు" అన్నాడు.

యూసుఫ్ వాళ్ల నాన్న పెళ్లి బ్యాండు నడిపేవాడు. ఎర్ర కోట్లు, ఇత్తడి బాకాలు వేలాడే రేకుల షెడ్డులో మధ్యాహ్నాలు ప్రాక్టీసు చేసేవాళ్లం. పెళ్లి డ్రమ్ములనే ఒకచోట కట్టి, కాలితో కొట్టడానికి వెల్డింగ్ షాపులో ఒక పెడల్ చేయించుకున్నాడు యూసుఫ్. బరాత్‌లో గంటల కొద్దీ కొట్టిన చేతులవి. ఎంత వేగమైనా తడబడేవి కావు. నాకు బేస్ గిటార్ లేదు, మామూలు గిటార్‌కే లావు తీగలు బిగించుకున్నాను. పాత రేడియోకు తగిలించి వాల్యూమ్ పూర్తిగా పెంచితే అది గొంతు పగిలినట్టు గర్జించేది. మాకు కావలసిందీ అదే.

ఓదెలు వాళ్ల అవ్వ, అంటే వాళ్లమ్మ, ఒకసారి షెడ్డుకు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, "ఏమైందిర కొడుకా, ఎవలన్న సచ్చిన్రా?" అని అడిగింది. మేం నవ్వాం. వాడు నవ్వలేదు. "బాపు పాట అవ్వా" అన్నాడు.

ఆ మాట నిజమే. ఊపిరితిత్తులు పాడై వాళ్ల బాపు పనినుంచి దిగిపోతే ఆ నౌకరీ ఓదెలుకు వచ్చింది. చదువు సగంలో వదిలి గనిలోకి దిగాడు. పాటలన్నీ అక్కడివే. క్యాసెట్‌కు 'తట్టా చెమ్మస్' అని పేరు పెట్టాడు. బొగ్గు నింపేవాళ్ల చేతిలో ఉండే తట్ట, పార అన్నమాట. అట్ట మీద వాళ్ల బాపు చేతుల ఫోటో. కరీంనగర్‌లో ఒక ప్రెస్సులో నలుపు తెలుపుల్లో అచ్చు వేయించాం.

రికార్డింగ్ హైదరాబాద్‌లో, ఒక చిన్న స్టూడియోలో, రెండు రోజులు. అక్కడి ఇంజినీరు భక్తి పాటలు రికార్డు చేసే పెద్దమనిషి. మేం మొదలుపెట్టగానే రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. కానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు.

రెండో వైపు నాలుగో పాట పేరు 'గాలి లేదు'. "దీపం ఉంది, తొవ్వ లేదు. తొవ్వ ఉంది, గాలి లేదు" అని మొదలవుతుంది. అందులో 'గాలి లేదు' అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. మూడోసారికి ఓదెలు గొంతు జీరపోయి చిన్న దగ్గు వచ్చింది. ఇంజినీరు మళ్లీ పాడమన్నాడు. ఓదెలు ఒప్పుకోలేదు. "గాలి లేదని పాడుతున్న గద సార్. దగ్గు రాకుంటె ఎట్ల?" అన్నాడు. ఆ దగ్గు అట్లాగే ఉండిపోయింది.

రెండు వందల క్యాసెట్లు తయారయ్యాయి. అమ్మే పని నాది, ఎందుకంటే దుకాణం నాది. కొన్నాళ్లకే యూసుఫ్ దుబాయి వెళ్లిపోయాడు. అట్టపెట్టెలు నా దుకాణం వెనక అరలో మిగిలాయి.

ఎవరూ కొనలేదు. వినిపించమని అడిగినవాళ్లు సగం పాటకే చేయి అడ్డం పెట్టేవాళ్లు. ఒక కాలేజీ కుర్రాడు ఒకటి తీసుకెళ్లి మర్నాడే తిరిగి తెచ్చాడు. "అన్నా, దీని మీదనే సినిమా పాటలు నింపియ్యి" అన్నాడు.

అప్పట్లో మా పని అదే. వచ్చిన గిరాకీ తనకు కావలసిన పాటల జాబితా రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లోకి వాటిని ఎక్కించి ఇవ్వడం. కంపెనీ క్యాసెట్ల మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయకుండా పై అంచున రెండు చిన్న గుంటలు ఉంటాయి. వాటి మీద సెల్లోటేపు అంటిస్తే మిషన్ దాన్ని ఖాళీ క్యాసెట్ అనుకుంటుంది. ఆ కుర్రాడి కళ్ల ముందే అంటించాను. ఒక పెళ్లి సినిమా పాటలు ఎక్కించాను. ఓదెలు గొంతు పోయింది. అరగంట పని.

మొదటిదానికి కొంచెం మనసు నొచ్చుకుంది. ఆ తర్వాత జాతర రోజులొచ్చాయి. బజార్లో ఖాళీ క్యాసెట్లు దొరకలేదు. గిరాకీలు నిలబడి ఉన్నారు. వెనక అరలో పెట్టెలు ఉన్నాయి. ఒకటి తీశాను, మరొకటి తీశాను. అట్టలు తీసి పక్కన పెట్టి, గుంటలు మూసి, జాతర పాటలు, సినిమా పాటలు, అడిగినవల్లా ఎక్కించాను. ఓదెలుకు చెప్పి చేసి ఉండవచ్చు. చెప్పలేదు. సంవత్సరం తిరిగేసరికి పెట్టెల్లో ఒక్కటీ మిగల్లేదు. వాళ్ల బాపు చేతులున్న అట్టలను పాత పేపర్లతో కలిపి వేసేశాను. ఇది రాస్తుంటే నా చేయి ఆగుతోంది. అయినా జరిగింది ఇదే.

ఓదెలు సెలవు రోజున బెల్లంపల్లి నుంచి వచ్చేవాడు. వచ్చీ రాగానే ఒకటే ప్రశ్న. "ఎన్ని వోయినయ్ రా?"

"పోతున్నయ్. మెల్లమెల్లగ పోతున్నయ్" అనేవాణ్ణి. పెట్టెలు ఖాళీ అవుతున్నాయి కాబట్టి అది అబద్ధంలా కూడా అనిపించేది కాదు.

ఒకరోజు వాడు వేరే మాట అడిగాడు. "ఒక్కలన్న మల్ల వచ్చి, మంచిగుందని చెప్పిండ్రా?"

ఆ రోజు వాడి కళ్ల చుట్టూ బొగ్గు మసి ఇంకా ఉంది. ఇంటికి కూడా పోకుండా పనినుంచి నేరుగా వచ్చాడు. నాకేం తోచిందో, "ఒకాయన వచ్చిండు. కాగజ్‌నగర్" అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పేరేమిటని అడిగాడు. గంగారాం అన్నాను. ఏం చేస్తాడన్నాడు. పేపర్ మిల్లులో, బాయిలర్ దగ్గర అన్నాను. నా దుకాణంలో ఎడమ స్పీకరు కాలిపోయి చాలా రోజులైంది. కళ్లు దాని మీద పడి, "ఆయనకు ఎడమ చెవు వినవడదు. టేప్ రికార్డర్‌ను కుడి చెవు కాడ వెట్టుకొని వింటడట" అన్నాను. ఏ పాట ఇష్టమంటే, 'గాలి లేదు' అన్నాను. సదువు రాదు, విని విని పాటలన్నీ నోటికి వచ్చినయట అన్నాను.

ఓదెలు స్టూలు మీద కూర్చుండిపోయాడు. తర్వాత, "ఒక్కడు దొరికిండు రా మనకు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి వారం గంగారాం గురించే అడిగేవాడు. నేను ప్రతి వారం ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. జాలితో మొదలుపెట్టాను, నిజమే. కానీ వాడి ముఖం వెలిగిపోతుంటే, ఆ వెలుగు తెచ్చినవాణ్ణి నేనే అన్న గర్వం కూడా ఉండేది. నాకు గంగారాం స్పష్టంగా కనబడటం మొదలైంది. చెప్పనివి కూడా కనబడేవి. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక టిఫిన్ డబ్బా ఉన్నట్టు, దాని కొక్కెం విరిగితే మూతను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకున్నట్టు ఊహించుకునేవాణ్ణి. ఆ డబ్బా సంగతి ఓదెలుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను.

ఒకరోజు ఓదెలు మడిచి అంటించిన ఉత్తరం ఒకటి తెచ్చాడు. "ఈసారి వస్తె గంగారాంకు ఇయ్యి. సదువు రాదన్నవ్ గద, ఎవలతోనన్న సదివించుకుంటడు." నేను దాన్ని సొరుగులో, రసీదు పుస్తకాల కింద పెట్టాను. తెరవలేదు. ఆ పాటి సిగ్గు మిగిలింది. తర్వాతి వారం అడిగితే ఇచ్చేశానని చెప్పాను.

"ఏమన్నడు?"

"ఇంకో క్యాసెట్ తియ్యమన్నడు."

ఆ మాట పట్టుకుని ఓదెలు కొత్త పాటలు రాయడం మొదలుపెట్టాడు. డ్రమ్స్ కొట్టేవాడు దుబాయిలో ఉన్నాడు. బేస్ వాయించేవాణ్ణి నేను తప్పించుకు తిరుగుతున్నాను. వాడొక్కడే రాసుకుంటున్నాడు, ఒక్క మనిషి కోసం.

ఎండాకాలం. పగలు పన్నెండు దాటింది. రోడ్డు మీద జనం లేరు. నేను దుకాణంలో క్యాసెట్లకు నంబర్లు వేసుకుంటున్నాను. యాభై ఏళ్ల మనిషి ఒకాయన లోపలికి వచ్చాడు. ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల.

"తమ్మీ, శంకర్ దుకాన్ గిదేనా?"

"గిదే కాకా. ఏం గావాలె?"

ఆయన తల తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. "జర గీ దిక్కు మాట్లాడు. ఆ చెవు పనిజెయ్యది. బాయిలర్ కాడ వోయింది."

నాకు మొదట వచ్చింది భయం కాదు, కోపం. ఓదెలుకు సంగతి తెలిసిపోయిందని, నన్ను పట్టుకోవడానికి గనిలో పనిచేసే ఎవరినో వేషం వేయించి పంపాడని అనుకున్నాను. ఎదుటి మెడికల్ షాపు నీడలోకి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు ఆయన చేతిలోది గాజు కౌంటరు మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా. మూత చుట్టూ నల్లటి సైకిల్ ట్యూబు ముక్క.

"గంగారాం అంటరు నన్ను" అన్నాడు. "ఓదెలు నాకో చిట్టీ రాసిండట. నీ కాడనే ఉందట గద."

ఉత్తరం ఇచ్చేశానని ఓదెలుతో చెప్పాను. వాడు నమ్మాడు. అది ఇంకా సొరుగులోనే ఉందని తెలిసిన మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే.

నా చేయి దానంతట అదే సొరుగులోకి పోయింది. ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన విప్పలేదు. రెండు చేతులతో అందుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తువ్వాల కొంగులోంచి ఒక క్యాసెట్ విప్పాడు.

"పాటలు మంచిగున్నయ్ తమ్మీ. కాని రెండో దిక్కు ఒక్కతాన పట్టుకుంటుంది. జర సూస్తవా?"

అట్ట లేదు. రెండు గుంటల మీదా సెల్లోటేపు. పక్కన ఎర్ర స్కెచ్ పెన్నుతో నంబరు, నా చేతిరాత. నేను చెరిపిన క్యాసెట్లలో అదొకటి. దాని మీద ఏం ఎక్కించానో కూడా గుర్తుంది. దసరాకు ముందు ఎవరో అడిగితే ఎక్కించిన సినిమా యుగళగీతాలు.

డెక్‌లో పెట్టి రెండో వైపు వేశాను. యుగళగీతమే వచ్చింది. వేణువు, తర్వాత ఆడగొంతు, తర్వాత మగగొంతు. ఆయన వంగి, పనిచేసే స్పీకరుకు కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. సినిమా పాటే అందుకుంటున్నాడనుకున్నాను.

తర్వాత మాటలు తెలిశాయి. "దీపం ఉంది, తొవ్వ లేదు. తొవ్వ ఉంది, గాలి లేదు."

స్పీకరులో పాట మెల్లగా నడుస్తోంది. కౌంటరు మీద ఆయన వేళ్లు మాత్రం దానికి రెండింతల వేగంతో కొడుతున్నాయి. ఆ దరువు నాకు తెలుసు. రేకుల షెడ్డులో నెలల తరబడి నా చెవి పక్కన మోగిన యూసుఫ్ దరువు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగింది. ఓదెలు రాసిన మాటలు ఒక్కటి కూడా తప్పిపోకుండా వస్తున్నాయి. మూడో 'గాలి లేదు' దగ్గర ఆయన ఆగాడు. చిన్నగా దగ్గి, కళ్లు తెరవకుండానే నవ్వాడు.

"గీడ దగ్గిండు సూడు. గది తియ్యకుంట ఉంచుడే మంచిగైంది."

నేను మిషన్ ఆపేశాను.

ఆయన కళ్లు తెరిచి అడిగాడు. "ఎందుకు బంద్ జేసినవ్ తమ్మీ?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "ఇందులో ఆ పాట లేదు కాకా, నేనే చెరిపిన" అని ఉండవచ్చు. ఆయన ఎవరైనా సరే, ఆ మాట చెప్పవలసిన మనిషి ఆయనే. నేను స్పిరిట్ సీసా తీసి, దూదితో మిషన్‌లో టేపు తగిలే హెడ్‌ను తుడుస్తున్నట్టు నటించి, "మురికి వట్టింది కాకా. ఇగ మంచిగ ఆడుతది" అన్నాను. ఆయనకు కూడా అబద్ధమే చెప్పాను.

"సల్లగుండు" అన్నాడు. క్యాసెట్‌ను మళ్లీ తువ్వాల కొంగులో కట్టుకున్నాడు. "నీ దుకాన్ ఉండవట్టి గీ పాట నాదాక వచ్చింది. ఓదెలు ఇల్లు యాడ? ఒక్కసారి కండ్ల సూసి పోత."

క్వార్టర్ నంబరు, లైను చెప్పాను. ఆయన వెళ్లాడు. మాయం కాలేదు. రోడ్డు దాటి, ఎదుటి చాయ్ హోటల్లో కుండలో నీళ్లు ముంచుకుని తాగి, ఎండలో స్టేషన్ వైపు నడిచాడు. నీడ కూడా ఉంది. సాయంత్రం హోటలాయనను అడిగితే, "చెవిటాయన గద? రెండుసార్లు చెప్తె గాని ఇనలే" అన్నాడు. అంటే నేనొక్కణ్ణే చూసింది కాదు.

ఆ రోజు బెల్లంపల్లి బండెక్కి ఉంటే ఆయన కంటే ముందే కాకపోయినా వెంటనే అయినా ఓదెలు దగ్గరికి చేరేవాణ్ణి. వెళ్లలేదు. నన్ను పట్టిన భయం ఆ మనిషి గురించి కాదు. దొరికిపోతానని. నా సిగ్గుకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నాలుగో రోజు ఓదెలు వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. కౌంటరు మీద క్యాసెట్ పెట్టాడు. అదే ఎర్ర నంబరు, అదే సెల్లోటేపు.

ఓదెలు ఇంటికి గంగారాం వెళ్లాడట. అవ్వ చేతి చాయ్ తాగాడు. ఆయనకు ఎడమ వైపు వినపడదని అవ్వే కనిపెట్టి కుడి పక్కకు వచ్చి కూర్చుందట. జేబులోంచి ఉత్తరం తీసి, "నాకు సదువు రాదు, రాసినోనివి నువ్వే సదివియ్యి" అంటే, ఓదెలు తన ఉత్తరం తానే చదివి వినిపించాడట. మంచంలో ఉన్న బాపు పక్కన కూర్చుని ఎనిమిది పాటలూ వరసగా పాడాడట. వెళ్తూ వెళ్తూ, "నాకు నోటికి వచ్చినయ్, ఇది నీ కాడ ఉండనియ్యి" అని క్యాసెట్ ఇచ్చి పోయాడట.

ఓదెలు దగ్గర ఉన్న క్యాసెట్లన్నీ ఎప్పుడో స్నేహితులకు పంచేశాడు. ఇన్నాళ్లకు తన పాట వినొచ్చని ఆ క్యాసెట్‌ను టేప్ రికార్డర్‌లో పెట్టాడు. సినిమా పాటలు వచ్చాయి.

"ఎన్ని మిగిలినయ్ శంకర్?"

"ఒక్కటి గూడ లేదు."

"అన్ని జెర్పినవా?"

"అన్ని."

వాడు తిట్టలేదు. కొట్టినా నేను చేయి అడ్డం పెట్టేవాణ్ణి కాదు. కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. మొత్తం చెప్పేయాలనిపించింది. జాతర రోజులు, ఖాళీ క్యాసెట్లు, కాలిపోయిన స్పీకరు, అన్నీ చెప్పాను. "గంగారాం అనే మనిషే లేడు రా. నువ్వు అడుగుతె చెప్పుకుంట వోయిన. ఆయనను నేనే పుట్టించిన. ఎట్ల వచ్చిండో నాకు దెల్వది" అన్నాను.

ఓదెలు నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"క్యాసెట్లు జెర్పినవ్, ఒప్పుకున్నవ్. సరే" అన్నాడు. "ఇప్పుడు ఆ మనిషిని గూడ జెర్పుతవారా? మా అవ్వ చాయ్ వోసింది ఆయనకు. మా బాపు చెయ్యి వట్టుకున్నడు ఆయన. నాకున్న ఒక్కణ్ణి గూడ జూటా అంటవా?"

సంవత్సరం పాటు నేను చెప్పిన ప్రతి అబద్ధాన్నీ వాడు నమ్మాడు. చెప్పిన ఒక్క నిజాన్ని నమ్మలేదు. క్యాసెట్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ క్యాసెట్‌ను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. కొత్తది నింపేటప్పుడు మిషన్ పాతదాన్ని తుడిచేస్తుంది. హెడ్ పక్కకు జరిగితే అంచున పాతది కొంచెం మిగులుతుంది, అది నాకు తెలుసు. హెడ్‌ఫోన్స్ పెట్టి, వాల్యూమ్ పెంచి, హెడ్ అటూ ఇటూ తిప్పి చూశాను. సినిమా పాట కింద గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

కాగజ్‌నగర్ మూడుసార్లు వెళ్లాను. షిఫ్టు వదిలే వేళ మిల్లు గేటు ముందు నిలబడ్డాను. గంగారాం అనే పేరుతో ఇద్దరు దొరికారు. ఒకాయన ఇరవై ఏళ్లవాడు. ఇంకొకాయన పొట్టిగా, లావుగా ఉన్నాడు, రెండు చెవులూ పనిచేస్తాయి. బాయిలర్ దగ్గర చెవి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో నేను చూసిన మనిషి లేడు.

ఇంకో దారి కూడా ఆలోచించాను. ఓదెలు గనిలో అందరికీ గంగారాం గురించి చెప్పుకుని ఉంటాడు. వాడి మీద ప్రేమతో ఎవరో ఆ వేషం కట్టి ఉంటారు. పాటలు ఓదెలు పంచిన క్యాసెట్ల నుంచి నేర్చుకుని ఉంటారు. నా గిరాకీ ఎవరి దగ్గరో ఆ క్యాసెట్ దొరికి ఉంటుంది. ఇంతవరకు సరిపోతుంది. సొరుగులోని ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి సరిపోదు. సైకిల్ ట్యూబు దగ్గరికి వచ్చేసరికి అసలే సరిపోదు. అది నా తలలోంచి బయటికి రాలేదు.

యూసుఫ్‌కు దుబాయికి ఉత్తరం రాశాను, జరిగింది జరిగినట్టు. చాలా రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. 'మనిషి సంగతి నాకు తెల్వదు. క్యాసెట్ల సంగతి నువ్వు మంచిగ జెయ్యలే.'

ఓదెలుతో మాటలు లేకుండా నాలుగైదేళ్లు గడిచాయి. ఆ దశాబ్దం చివర్లో వాళ్ల బాపు పోయాడని తెలిసి బెల్లంపల్లి వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. అవ్వే నన్ను చూసి లోపలికి రమ్మంది. ఓదెలు కొంచెం లావయ్యాడు, జుట్టు కత్తిరించేశాడు. శ్రీరాంపూర్ గనికి బదిలీ అయిందని, క్వార్టర్ దొరికిందని చెప్పాడు. పాటల సంగతి నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

నేను లేచి చెప్పులేసుకుంటుంటే వెనక వచ్చాడు.

"గంగారాం మల్ల ఎప్పుడన్న వచ్చిండా?"

వచ్చాడంటే వాడికి ఆ పూట కొంచెం తేలికయ్యేది. ఆ మాట నా నాలుక దాకా వచ్చింది.

"రాలే" అన్నాను.

వాడు తల ఊపాడు. లోపలికి వెళ్లి, చిన్న కాగితం మీద శ్రీరాంపూర్ క్వార్టర్ నంబరు రాసి తెచ్చాడు. "వస్తె గిది ఇయ్యి. రెండో క్యాసెట్ పాటలు అయిపోయినయ్ అని చెప్పు. తీసుడు కాలే గని, ఇంటికి వస్తె పాడి వినిపిస్త."

తర్వాత క్యాసెట్ల కాలం పోయింది. నా దుకాణం సీడీల దుకాణమైంది, తర్వాత ఫోన్లు బాగుచేసే దుకాణమైంది. జీవనోపాధికి అక్కడే ఉన్నానని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. స్టేషన్ రోడ్డులో అంత అద్దె కట్టుకుంటూ ఆ గదిని ఎందుకు వదలడం లేదని మా ఆవిడ చాలాసార్లు అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను.

ఆయన ఎవరో నాకు తెలియదు. దయ్యమని అనలేను. దయ్యం చాయ్ తాగదు, మంచాన పడ్డ ముసలాయన చెయ్యి పట్టుకుని ఎనిమిది పాటలు పాడదు. మామూలు మనిషని కూడా అనలేను. ఆయనకు ఇవ్వమని ఓదెలు రాసిచ్చిన కాగితం మాత్రం నా పర్సులో ఉంది. ఇప్పటికి మూడు పర్సులు మారాయి.